ఆయనకి రాని ర్యాంక్

ఎయిర్ ఫోర్స్‌లో అన్నిటికన్నా పెద్ద ర్యాంక్ ఏది అని క్విజ్‌లో అడిగితే మనలో చాలామంది ఎయిర్ చీఫ్ మార్షల్ అని బజర్ నొక్కేస్తారు. అది నాలుగు నక్షత్రాల ర్యాంక్. దాని పైన ఇంకొకటుంది, ఐదు నక్షత్రాలది. మన దేశంలో దాని పేరు మార్షల్ ఆఫ్ ది ఇండియన్ ఎయిర్ ఫోర్స్. ఇప్పటిదాకా అది ఒకే ఒక్కరికి దక్కింది. 1965 యుద్ధంలో మన వాయుసేనని నడిపించిన అర్జన్ సింగ్ గారికి, ఆయన రిటైరై ముప్ఫై ఏళ్ళు దాటాక, 2002లో ఇచ్చారు.

మన ర్యాంకుల పద్ధతి బ్రిటిష్ వాళ్ళ నుంచి వచ్చిందే. వాళ్ళ దగ్గర దాన్ని మార్షల్ ఆఫ్ ది రాయల్ ఎయిర్ ఫోర్స్ అంటారు. 1919లో పుట్టిన ర్యాంక్ అది. 1927లో హ్యూ ట్రెంచార్డ్‌కి వచ్చింది. ఆ తర్వాత ఇంకా చాలామందికి వచ్చింది. అయితే నేను రాయబోయేది ఆ ర్యాంక్ వచ్చినవాళ్ళ గురించి కాదు. రాని ఒకాయన గురించి. ఆయన పేరు హ్యూ డౌడింగ్. 1940లో హిట్లర్ విమానాలు ఇంగ్లండ్ మీద పడినప్పుడు ఆ దేశపు ఫైటర్ విమానాలన్నీ ఈయన చేతి కింద ఉన్నాయి.

కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి ఈయనతో ఏం పని అంటారా? పని ఉంది. కంప్యూటర్ అనే మెషీన్ ఇంకా లేని రోజుల్లో ఈయన ఒక రియల్ టైమ్ నెట్‌వర్క్ కట్టించాడు. సెన్సర్లు, డేటా క్లీనింగ్, డిస్‌ప్లే, డెసిషన్, అన్నీ అందులో ఉన్నాయి. మధ్యలో ప్రాసెసర్ ఉండాల్సిన చోట మనుషులు ఉన్నారు, అంతే తేడా. రాడార్ ఎలా పని చేస్తుందో చూద్దామని మొదలుపెట్టి నేను ఈయన దగ్గర ఆగిపోయాను.

మాట తక్కువ మనిషి

డౌడింగ్ 1882 ఏప్రిల్ 24న స్కాట్లండ్‌లోని మోఫట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి అక్కడ ఒక స్కూల్ పెట్టి నడిపేవాడు. వించెస్టర్‌లో చదువు, తర్వాత వూలిచ్ మిలిటరీ అకాడమీ. 1900లో ఫిరంగి దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. జిబ్రాల్టర్, సిలోన్, హాంకాంగ్ తిరిగి, మన దేశానికి కూడా వచ్చాడు. ఇక్కడ కొండల్లో ఫిరంగులు మోసుకెళ్ళే మౌంటెన్ బ్యాటరీలో పని చేశాడు.

తోటి ఆఫీసర్లు ఆయనకి స్టఫీ అని పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే బిగుసుకుపోయిన మనిషి, ముభావి. పార్టీల్లో కలవడు, జోకులకి నవ్వడు, పై ఆఫీసర్ చెప్పాడు కదా అని తల ఊపడు. ఈ ఆఖరి లక్షణం ఆయన జీవితమంతా ఆయనతోనే ఉంది. ఆయనకి దక్కినవాటిలోనూ, దక్కకపోయినవాటిలోనూ దీని వాటా పెద్దది.

స్టాఫ్ కాలేజీలో ఉన్నప్పుడు విమానాల మీద ఆసక్తి కలిగింది. 1913 డిసెంబర్‌లో, 31 ఏళ్ళ వయసులో, బ్రూక్‌లాండ్స్‌లో విమానం నడపడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రాయల్ ఫ్లయింగ్ కోర్‌లోకి వెళ్ళిపోయాడు. 1915లో బ్రూక్‌లాండ్స్‌లోనే వైర్‌లెస్ ప్రయోగాల కేంద్రానికి అధిపతి అయ్యాడు. గాల్లో ఉన్న పైలట్‌తో నేల మీది మనిషి ఎలా మాట్లాడాలి అన్నది అప్పుడు వాళ్ళ ముందున్న ప్రశ్న. పాతికేళ్ళ తర్వాత ఇదే ఆయనకి అక్కరకొచ్చింది.

1916లో సోమ్ యుద్ధం. డౌడింగ్ చేతి కింది స్క్వాడ్రన్లు రోజూ మనుషుల్ని పోగొట్టుకుంటున్నాయి. అలసిపోయిన పైలట్లకి విశ్రాంతి ఇవ్వాలని ఆయన ట్రెంచార్డ్‌తో పట్టుబట్టాడు. ట్రెంచార్డ్‌కి ఎప్పుడూ దాడి చేస్తూనే ఉండాలన్న పట్టుదల. ఆ తేడా ముదిరి డౌడింగ్‌ని ఇంగ్లండ్‌కి పంపేశారు. అక్కడ శిక్షణ పనులు చూశాడు, బ్రిగేడియర్ జనరల్ కూడా అయ్యాడు. కానీ ఆ యుద్ధంలో మళ్ళీ ఫ్రంట్‌కి పంపలేదు. ర్యాంకుల కథలో గుర్తుపెట్టుకోవాల్సిన చోటు ఇది. పైలట్ల ప్రాణాల కోసం అడిగి పెద్దాయన దగ్గర చెడ్డ కావడం ఆయనకి అప్పుడే మొదలైంది.

1918లో క్లారిస్ అనే ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. 1919లో డెరెక్ పుట్టాడు. 1920లో క్లారిస్ కొద్దిరోజుల జబ్బుతో పోయింది. చేతిలో చంటిపిల్లాడు. చాలా ఏళ్ళు చెల్లెలు హిల్డా ఇల్లు చూసుకుంది. ముందే మాట తక్కువ మనిషి, ఇంకా తగ్గిపోయాడు.

రుజువు చూపించండి, డబ్బు ఇస్తాను

1930లో డౌడింగ్ ఎయిర్ కౌన్సిల్‌లో సప్లై, రీసెర్చ్ చూసే సభ్యుడయ్యాడు. కుర్చీలో కూర్చున్న కొద్దిరోజులకే ఆర్101 అనే పెద్ద ఎయిర్‌షిప్ ఫైలు వచ్చింది. అది ఇంగ్లండ్ నుంచి కరాచీకి రావాలి. అప్పట్లో కరాచీ మన దేశంలోనే ఉంది కదా. విమాన శాఖ మంత్రి లార్డ్ థామ్సన్ కూడా అందులోనే బయల్దేరుతున్నాడు, ఆయనకి తొందర. పరీక్షలు పూర్తిగా జరగకుండానే ఎగరడానికి అనుమతి ఇచ్చారు. ఆ అనుమతిలో డౌడింగ్ పాత్ర ఉంది. 1930 అక్టోబర్ 5 తెల్లవారుజామున అది ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కూలి తగలబడిపోయింది. అందులో ఉన్న 54 మందిలో 48 మంది చనిపోయారు, మంత్రితో సహా. ఇంకా పరీక్షలు చెయ్యాలని తాను గట్టిగా నిలబడాల్సిందని డౌడింగ్ తర్వాత బాధపడ్డాడు.

ఆ తర్వాతి డౌడింగ్‌ని చూస్తే ఈ సంగతి ఆయన్ని ఎంత మార్చిందో తెలుస్తుంది. 1935లో రాబర్ట్ వాట్సన్-వాట్ అనే శాస్త్రవేత్త రేడియో తరంగాలతో విమానాన్ని దూరం నుంచే పసిగట్టవచ్చని లెక్కలు రాసి పంపాడు. డౌడింగ్ లెక్కలు చూసి సంబరపడలేదు. ముందు చేసి చూపించండి అన్నాడు. ఫిబ్రవరి 26న డావెంట్రీలో బీబీసీ ట్రాన్స్‌మిటర్ దగ్గర, ఒక వ్యాన్‌లో రిసీవర్ పెట్టి, హేఫర్డ్ అనే బాంబర్ విమానాన్ని అటూ ఇటూ తిప్పారు. తిరిగొచ్చిన తరంగం స్క్రీన్ మీద కదలాడింది. అప్పుడు డబ్బు విడుదలైంది, మొదటి విడతగా 10,000 పౌండ్లు. మనం మన ప్రాజెక్టుల్లో ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్ అంటామే, అచ్చంగా అదే.

ఎనిమిది మెషిన్ గన్లు ఉండే కొత్త తరహా ఫైటర్లు, హరికేన్, స్పిట్‌ఫైర్, ఆయన ఆ పదవిలో ఉండగానే రూపు దిద్దుకున్నాయి. హరికేన్ 1935 నవంబర్‌లో, స్పిట్‌ఫైర్ 1936 మార్చిలో మొదటిసారి ఎగిరాయి. తర్వాత ఆయన పైలట్ ముందుండే అద్దానికి బుల్లెట్‌ప్రూఫ్ గాజు కావాలన్నాడు. మీటింగ్‌లో నవ్వారట. చికాగో గ్యాంగ్‌స్టర్ల కార్లకి ఉన్నది మా పైలట్లకి ఎందుకు ఉండకూడదని అడిగి సాధించుకున్నాడు.

మనుషులతో కట్టిన కంప్యూటర్

1936 జులై 14న ఫైటర్ కమాండ్ ఏర్పడింది. దానికి మొదటి అధిపతి డౌడింగ్. ఆఫీసు లండన్ శివార్లలో, స్టాన్‌మోర్ దగ్గర బెంట్లీ ప్రయరీ అనే పాత భవనం. 1937 మొదట్లో ఎయిర్ చీఫ్ మార్షల్ అయ్యాడు. ఆ ఏడాదే వాయుసేన మొత్తానికి అధిపతి, అంటే చీఫ్ ఆఫ్ ది ఎయిర్ స్టాఫ్ పదవి ఖాళీ అయ్యింది. అది సిరిల్ న్యూవాల్‌కి ఇచ్చారు. డౌడింగ్ ఉన్నచోటే ఉండిపోయాడు. ఆయన చేసిన అసలు పని ఉన్నచోట ఉండిపోవడం వల్లే జరిగింది.

ఇప్పుడు సిస్టమ్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది.

రాడార్ ఒక్కటే ఉంటే చాలదు. జర్మన్ల దగ్గర కూడా మంచి రాడార్ ఉంది. రాడార్‌లో కనిపించినది పైలట్ చెవిలోకి నిమిషాల్లో చేరాలి, అదీ సరైన పైలట్‌కి. ఆ దారి వేసినవాడు డౌడింగ్. దీన్ని ఇప్పుడు డౌడింగ్ సిస్టమ్ అనే పిలుస్తారు.

మొదటి పొర సెన్సర్లు. తీరం పొడుగునా చైన్ హోమ్ రాడార్ స్టేషన్లు. వాటి ట్రాన్స్‌మిటర్ టవర్లు 360 అడుగుల ఎత్తు. సముద్రం మీద సుమారు 100 మైళ్ళ దూరం నుంచే వచ్చే విమానాల్ని చూడగలవు. కానీ అవి సముద్రం వైపే చూస్తాయి. విమానం తీరం దాటి లోపలికి వచ్చిందంటే వాటికి కనపడదు. అక్కడి నుంచి అబ్జర్వర్ కోర్ పని. సుమారు 30,000 మంది మామూలు జనం, వెయ్యి పోస్టుల్లో, బైనాక్యులర్లతో ఆకాశం చూస్తూ ఫోన్ చేసేవాళ్ళు.

రెండో పొర డేటా క్లీనింగ్. ఒకే విమానాల గుంపుని రెండు మూడు స్టేషన్లు చూస్తాయి. ఒకటి ఇక్కడుంది అంటుంది, ఇంకొకటి అయిదు మైళ్ళు అవతలుంది అంటుంది. ఒకటి ఇరవై అంటుంది, ఇంకొకటి నలభై అంటుంది. వచ్చింది వచ్చినట్టు కమాండర్లకి పంపితే ఒక దాడి మూడు దాడుల్లా కనిపిస్తుంది. అందుకే రాడార్ ఫోన్లన్నీ ముందు బెంట్లీ ప్రయరీలోని ఫిల్టర్ రూమ్‌కి వెళ్ళేవి. అక్కడివాళ్ళు ఏ స్టేషన్ దూరం సరిగ్గా చెప్తుంది, ఏది దిశ తప్పుగా చెప్తుంది అన్నది ఎరిగి, అన్నీ కలిపి ఒకే గీత గీసేవాళ్ళు. డూప్లికేట్లు తీసెయ్యడం, నాయిస్ తీసెయ్యడం. తమ సొంత విమానాల్ని కూడా ఇక్కడే వేరు చేసేవాళ్ళు.

మూడో పొర డిస్‌ప్లే. ఆపరేషన్స్ రూమ్‌లో పెద్ద మ్యాప్ బల్ల. దాని చుట్టూ మహిళా సహాయక దళం అమ్మాయిలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పొడుగాటి కర్రలతో దాడుల గుర్తుల్ని జరుపుతుండేవాళ్ళు. వాళ్ళలో చాలామందిది మన వయసే. గోడ గడియారం అయిదేసి నిమిషాలకి ఎరుపు, పసుపు, నీలం రంగులుగా విడదీసి ఉండేది. గడియారం ముల్లు ఏ రంగులో ఉందో బల్ల మీద బాణం కూడా ఆ రంగుదే పెట్టాలి. దాంతో పైన కూర్చున్న ఆఫీసర్‌కి ఏది తాజా సమాచారం, ఏది పాతబడింది అన్నది ఒక్క చూపులో తెలిసేది. పాత గుర్తుల్ని తీసేసేవాళ్ళు. టైమ్‌స్టాంప్, ఎక్స్‌పైరీ రెండూ రంగు ముక్కలతో అయిపోయాయి.

నాలుగోది, నా లెక్కలో అన్నిటికన్నా తెలివైనది, నిర్ణయాన్ని పంచడం. దేశాన్ని నాలుగు గ్రూపులుగా విడదీశారు, 10, 11, 12, 13 నంబర్లతో. లండన్, ఆగ్నేయ తీరం 11వ గ్రూపువి. దాని అధిపతి కీత్ పార్క్ అనే న్యూజిలండ్ మనిషి. ఏ దాడికి ఎన్ని స్క్వాడ్రన్లు పంపాలో గ్రూపు చెప్తుంది. ఆ స్క్వాడ్రన్లకి రేడియోలో దారి చూపించేది సెక్టార్ స్టేషన్. పైలట్లు ఎక్కడున్నారో తెలియడానికి వాళ్ళ రేడియో నిమిషానికి 14 సెకన్లు దానంతట అదే సిగ్నల్ పంపేది. శత్రువుని ఏ కోణంలో ఎదుర్కోవాలో 1936లో బిగ్గిన్ హిల్‌లో ప్రయోగాలు చేసి తేల్చిన ఒక సులువైన త్రిభుజం లెక్క ఉంది, దాన్ని వాడేవాళ్ళు. డౌడింగ్ మాత్రం యుద్ధం జరుగుతున్నప్పుడు ఫలానా స్క్వాడ్రన్‌ని పంపు అని మధ్యలో వేలు పెట్టేవాడు కాదు. సిస్టమ్ కట్టాడు, మనుషుల్ని పెట్టాడు, వాళ్ళని పని చెయ్యనిచ్చాడు.

దీనివల్ల లాభం ఏమిటంటే, ఫైటర్లు రోజంతా గాల్లో గస్తీ తిరగక్కర్లేదు. నేల మీదే ఉండి, దాడి వచ్చినప్పుడే, వచ్చిన చోటికే ఎగరొచ్చు. ఇంధనం మిగులుతుంది, ఇంజన్ మిగులుతుంది, పైలట్‌కి నిద్ర మిగులుతుంది. సోమ్‌లో ఆయన అడిగి భంగపడింది ఇదే కదా.

వద్దు అని రాసిన ఉత్తరం

1940 మే నెలలో జర్మనీ ఫ్రాన్స్ మీద పడింది. ఫ్రాన్స్ ఇంకా ఇంకా ఫైటర్ విమానాలు పంపమని అడిగింది. కొత్తగా ప్రధాని అయిన చర్చిల్‌కి పంపాలనే ఉంది. పంపిన హరికేన్లు పంపినట్టే కాలిపోతున్నాయి. మే 16న డౌడింగ్ ఎయిర్ మినిస్ట్రీకి ఒక ఉత్తరం రాశాడు. దేశాన్ని కాపాడటానికి 52 స్క్వాడ్రన్లు కావాలని మీరే ఒప్పుకున్నారు, ఇప్పుడు నా దగ్గర 36 స్క్వాడ్రన్ల బలమే మిగిలింది, ఇంతకన్నా తగ్గకూడని గీత ఎక్కడో చెప్పండి అని అడిగాడు. ఇలాగే పంపుతూ పోతే ఫ్రాన్స్ ఓడటమే కాదు, ఇంగ్లండ్ కూడా కోలుకోలేకుండా ఓడిపోతుందని సూటిగా రాశాడు.

మిత్రదేశం మునిగిపోతుంటే చెయ్యి వెనక్కి తీసుకోమని చెప్పడం సులువేమీ కాదు. అందులోనూ చర్చిల్ లాంటి మనిషికి. కొద్దిరోజుల్లోనే ఫ్రాన్స్‌కి ఫైటర్లు పంపడం దాదాపు ఆగిపోయింది. ఆ మిగిలిన విమానాలతోనే వేసవిలో యుద్ధం చేశారు.

1940 జులై 10 నుంచి అక్టోబర్ 31 వరకు జరిగినదాన్ని బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అంటారు. మొదట ఓడల మీద, తర్వాత రాడార్ స్టేషన్ల మీద, విమానాశ్రయాల మీద, సెప్టెంబర్ 7 నుంచి లండన్ మీద బాంబులు పడ్డాయి. ఫైటర్ కమాండ్ తరఫున ఎగిరినవాళ్ళు మూడు వేలకి కొంచెం తక్కువ. వాళ్ళలో 544 మంది ఆ నాలుగు నెలల్లోనే చనిపోయారు. సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాల్ని కూల్చామని పేపర్లలో వచ్చింది. అసలు లెక్క 60కి అటూ ఇటూ. కానీ ఫైటర్ కమాండ్ అయిపోయిందని నమ్మి వచ్చిన జర్మన్లకి ఆ రోజు ఆకాశం నిండా ఫైటర్లు కనిపించాయి. రెండు రోజుల తర్వాత హిట్లర్ ఇంగ్లండ్ మీద దండయాత్రని వాయిదా వేశాడు.

ఆ 3,000 మందిలో డౌడింగ్ కొడుకు డెరెక్ కూడా ఉన్నాడు, 74వ స్క్వాడ్రన్‌లో. ప్రతి సాయంత్రం నష్టాల లిస్టు బల్ల మీదికి వచ్చినప్పుడు ఆ తండ్రి దాన్ని ఎలా చదివేవాడో నాకు ఊహకి అందదు. డెరెక్ బతికి బయటపడ్డాడు.

పోలండ్ నుంచి పారిపోయి వచ్చిన పైలట్లని వాడుకోవడానికి డౌడింగ్ మొదట్లో తటపటాయించాడు. తర్వాత వాళ్ళు లేకపోతే ఫలితం ఇలా ఉండేదని చెప్పలేనని తన రిపోర్టులో ఆయనే ఒప్పుకున్నాడు.

మనకీ ఇందులో ఒక చిన్న ముక్క ఉంది. ఆ యుద్ధంలో ఎగిరిన 152వ స్క్వాడ్రన్, 253వ స్క్వాడ్రన్ రెండిటి పేరులోనూ హైదరాబాద్ ఉంది, నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా. 152 వాళ్ళు వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపారు. వాళ్ళ బ్యాడ్జి మీద నిజాం తలపాగా బొమ్మ ఉంటుంది. నిజాం ఖజానా అంటే తెలంగాణ రైతులు కట్టిన శిస్తు కూడా. ఇంగ్లిష్ ఛానల్ మీద ఎగిరిన విమానంలో మన పల్లెల చెమట కూడా కొంత ఉందన్నమాట. వాళ్ళని ఎవరూ అడిగి ఉండరు, అది వేరే సంగతి.

గెలిచాక

1940 నవంబర్ 24న డౌడింగ్ ఫైటర్ కమాండ్ పదవి నుంచి దిగిపోయాడు. గెలిచి నెల కూడా కాలేదు. కొద్దిరోజులకి కీత్ పార్క్‌ని కూడా తప్పించి శిక్షణ పనులకి పంపారు.

ఎందుకు? ఇక్కడ ఆయన్ని దేవుణ్ణి చేసి మిగతావాళ్ళని విలన్లని చెయ్యడం సులువు. సినిమాకి అలాగే బాగుంటుంది. కానీ నేను చదివినకొద్దీ రెండు వైపులా విషయం కనిపించింది.

ఒకటి, 12వ గ్రూపు అధిపతి ట్రాఫర్డ్ లీ-మ్యాలరీకి, పార్క్‌కి గొడవ. మూడు నుంచి అయిదు స్క్వాడ్రన్లని ఒకేచోట పోగు చేసి పెద్ద గుంపుగా దాడి చెయ్యాలని లీ-మ్యాలరీ వాదన. దాన్ని బిగ్ వింగ్ అన్నారు. అంత గుంపు కట్టేలోపు బాంబులు పడిపోతాయి, చిన్న గుంపులతో వెంటనే అడ్డుకోవాలని పార్క్ వాదన. డౌడింగ్ పార్క్ పద్ధతే సరైనదని నమ్మాడు. కానీ ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి తేల్చెయ్యలేదు. తన కింది ఇద్దరు గ్రూప్ కమాండర్లు యుద్ధం మధ్యలో కొట్టుకుంటుంటే ఆపాల్సిన బాధ్యత ఆయనదే. అక్టోబర్ 17న ఎయిర్ మినిస్ట్రీలో మీటింగ్ పెట్టినప్పుడు అది పార్క్‌ని, డౌడింగ్‌ని నిలదీసే సభలా తయారైంది. బిగ్ వింగ్ నడిపిన డగ్లస్ బేడర్ అనే స్క్వాడ్రన్ లీడర్ కూడా అందులో కూర్చున్నాడు. రోజూ యుద్ధం చేసిన పార్క్ వైపు నుంచి అలాంటి పైలట్ ఒక్కడూ లేడు.

రెండోది, రాత్రి దాడులు. సెప్టెంబర్ తర్వాత జర్మన్లు రాత్రిపూట వచ్చి లండన్‌ని తగలబెట్టారు. చీకట్లో స్పిట్‌ఫైర్ దేనికీ పనికిరాదు. విమానంలోనే పట్టే చిన్న రాడార్ వచ్చేదాకా వేరే దారి లేదని డౌడింగ్ అన్నాడు. ఆయన మాటే నిజమైంది. కానీ ప్రతి రాత్రీ జనం చనిపోతుంటే ఇంకొన్ని నెలలు ఆగండి అనేవాడి మాట ఎవరికి రుచిస్తుంది? సర్ జాన్ సాల్మండ్ కమిటీ, ఫిల్టర్ రూమ్ పనిని ఒక్కచోటే ఉంచకుండా గ్రూపులకి పంచాలని కూడా చెప్పింది. డౌడింగ్ ఒప్పుకోలేదు. నా ఉద్దేశంలో కమిటీ మాటలో కూడా న్యాయం ఉంది. లోడ్ పెరిగినప్పుడు ఒకే సర్వర్ మీద అంతా వేసి ఉంచడం ఎంత ప్రమాదమో మనకి తెలుసు. తర్వాత నిజంగానే గ్రూపుల్లో ఫిల్టర్ రూములు వచ్చాయి.

మూడోది, వయసు. అప్పటికి ఆయనకి 58. 1939 నుంచి ఆయన రిటైర్మెంట్‌ని వాయిదా వేస్తూ వచ్చారు. ఒక్కోసారి గడువు దగ్గరికొచ్చాక, ఇంకొన్ని నెలలు ఉండమనేవాళ్ళు. మన కాంట్రాక్ట్ లెక్చరర్ల రెన్యువల్ లాగా. దేశాన్ని కాపాడే బాధ్యత ఇచ్చి, ఎన్ని నెలలు ఉంటావో చెప్పకపోవడం. కాబట్టి ఆయన్ని మార్చడం తప్పని నేను అనను. మార్చిన తీరు తప్పు.

ఆ తీరుకి ఒక్క ఉదాహరణ చాలు. 1941లో ఎయిర్ మినిస్ట్రీ బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మీద ఒక చిన్న పుస్తకం వేసింది. లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. అందులో డౌడింగ్ పేరే లేదు. చర్చిల్‌కి కూడా కోపం వచ్చింది.

ఆయన్ని పని మీద అమెరికా పంపారు. మొహమాటం లేని మనిషిని దౌత్యానికి పంపితే ఏమవుతుందో అదే అయింది. 1942లో రిటైరయ్యాడు. 1943లో లార్డ్ బిరుదు ఇచ్చారు. బెంట్లీ ప్రయరీ పేరునే తన బిరుదులో కలుపుకున్నాడు.

ఇక ర్యాంక్. ఐదు నక్షత్రాలు ఆయనకి ఇవ్వాలన్న మాట వచ్చింది, కానీ ఇవ్వలేదు. వాయుసేన మొత్తానికి చీఫ్‌గా చేసినవాళ్ళకే అది ఇవ్వడం అప్పటి ఆనవాయితీ. 1937లో ఆ పదవి ఆయనకి రాలేదు కాబట్టి ఇదీ రాలేదు. సరే, రూల్ అంటే రూల్ అనుకుందాం. కానీ 1946లో బాంబర్ కమాండ్ అధిపతి ఆర్థర్ హారిస్‌ని మార్షల్ ఆఫ్ ది రాయల్ ఎయిర్ ఫోర్స్ చేశారు. ఆయన ఎప్పుడూ చీఫ్‌గా చెయ్యలేదు. అదే ఏడాది షోల్టో డగ్లస్‌ని కూడా చేశారు. ఆయనా చీఫ్‌గా చెయ్యలేదు. డౌడింగ్‌ని దింపినప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది ఈ డగ్లసే. రూల్ ఒకరికి గోడ, ఇంకొకరికి తలుపు.

ఆయన మాత్రం దాని గురించి బహిరంగంగా రచ్చ చెయ్యలేదు. ఆయన ధ్యాస వేరే వైపు మళ్ళింది. చనిపోయిన పైలట్లతో మాట్లాడుతున్నానని నమ్మాడు, ఆత్మల గురించి పుస్తకాలు రాశాడు. 1943లో మొదటిది వచ్చినప్పుడు చాలామంది ముసలాయనకి మతి పోయిందన్నారు. రుజువు లేనిదే రాడార్‌కి కూడా డబ్బివ్వని మనిషి ఇలా నమ్మడం నాకు కూడా మింగుడుపడలేదు. ఆత్మల సంగతి నేను నమ్మను. కానీ ఆ 544 మంది ఆయన్ని వదిలిపెట్టలేదన్నది మాత్రం నమ్ముతాను. వాళ్ళు ఏమైపోయారో అన్న ప్రశ్నకి ఆయన వెతుక్కున్న జవాబు అది.

1951లో మ్యూరియల్ వైటింగ్ అనే ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ మొదటి భర్త కూడా బాంబర్ విమానంలో వెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరూ శాకాహారులు. జంతువుల మీద ప్రయోగాలు వద్దని ఆయన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో మాట్లాడేవాడు. ఆవిడ 1959లో జంతుహింస లేని సౌందర్య సాధనాల కోసం బ్యూటీ వితౌట్ క్రూయెల్టీ అనే సంస్థ పెట్టింది. దాని భారతీయ శాఖ 1974 నుంచి పుణేలో ఉంది.

1969లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ సినిమా వచ్చింది. లారెన్స్ ఒలివియర్ డౌడింగ్ వేషం వేశాడు. అప్పటికి ఆయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. తన కింద పని చేసిన పైలట్లు ముసలివాళ్ళై చుట్టూ నిలబడ్డారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 15న, 87 ఏళ్ళ వయసులో పోయాడు. అస్థికలు వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో పెట్టారు. 1988లో లండన్‌లో వాయుసేన చర్చి ముందు ఆయన విగ్రహం నిలబెట్టారు.

మనలో చాలామందిమి రేపు ఏదో ఒక సిస్టమ్ కడతాం. స్టేజీ మీద డెమో ఇచ్చేవాడి పేరు అందరికీ గుర్తుంటుంది. రాత్రి మూడింటికి సర్వర్ పడిపోకుండా ముందే ఆలోచించినవాడి పేరు రిలీజ్ నోట్స్‌లో కూడా ఉండకపోవచ్చు. ఎందుకంటే ఆ పని బాగా చేస్తే ఏమీ జరగదు. జరగనిదానికి చప్పట్లు ఉండవు. 1940 శరత్కాలంలో ఇంగ్లండ్ తీరంలో జర్మన్ సైన్యం దిగలేదు. అది జరగని సంఘటన. డౌడింగ్ చేసింది అది.

మార్షల్ ర్యాంక్ వచ్చినవాళ్ళ లిస్టు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, క్విజ్ కోసం బట్టీ పట్టొచ్చు. ఆ లిస్టులో లేని ఈ పేరు కూడా పక్కన రాసి పెట్టుకోండి.